దైవచిత్తమును మన దినచర్యయు

ఈ సంవత్సరపు సంచికకు ఒక వ్యాసము వ్రాసి యీయవలసినదని పత్రికా సంపాదకవర్గమువారు మమ్మును కోరిరి. విషయమును గూడ వారే నిర్ణయించి, "క్రైస్తవుడు తన జీవితమున ఏ పనికి మొదటి స్థానమీయవలెను, అందు దైవచిత్తమును ఎట్లు తెలిసికొనవలెను అనుదానిని గూర్చి వ్రాయుడు" అనిరి. ఇది సంఘకాపరులు వేదికమీదనుండి చెప్పదగిన విషయమేగాని బడిపంతులు వ్రాయదగినది కాదని మొదట సంకోచించితిమి. అయినను ఈ విషయముననే మేము ఒకప్పుడు పెద్ద తప్పు చేసియుంటిమి. మొదటనే సరిగ వ్రాసినవాని జవాబుకంటె, తప్పు వ్రాసి దిద్దుకొన్నవాని జవాబే తరగతికి ఎక్కువ ఉపకరించునని మా యనుభవము. కావున ఆ తప్పునే మీ యెదుట నుంచుచున్నాము.

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తెరచిన వెంటనే హెడ్మాస్టరుగారి గదిలో టైంటేబులు తయారగును. ఆ పని దగ్గర నుండి చూచినవారికిగాని అందలి కష్టము తెలియదు. పిల్లల బుద్ధి చుఱుకుగ నుండు మొదటి గంట తమకు కావలెనని గణితోపాధ్యాయు లడుగుదురు. ఇంగ్లీషు ఉపాధ్యాయులును అదియే యడుగుదురు. విజ్ఞానశాస్త్రమునకు ప్రయోగములున్నవి గనుక రెండు గంటలు వరుసగ కావలెను. డ్రిల్లు మాష్టారు ఎండ ముదురకముందే మైదానము కావలెననును. అందరు కోరునదియు న్యాయమే. కాని దినమునకున్న గంటలు ఎన్నియో అన్నియే. ఒకరికి మొదటి గంట ఇచ్చినచో, వేరొకరికి భోజనానంతరము పిల్లలు కునికిపాట్లు పడు గంట దక్కును. మంచికిని చెడ్డకును నడుమ ఎన్నుకొనుట టైంటేబులు పని కాదు; మంచికిని మంచికిని నడుమ ఎన్నుకొనుటయే దాని పని. మన జీవితములును ఇట్టివే. దొంగిలుదునా మానుదునా యని ఎవరును మోకరించి దేవుని నడుగ నక్కరలేదు. ఆ యాజ్ఞ సీనాయి కొండమీదనే ఈయబడినది. చిక్కంతయు మంచి పనులు పది ఒక్కసారిగ వచ్చి వాకిట నిలిచినప్పుడే కలుగును.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో, మాకు బోధనాపద్ధతులు నేర్పిన వృద్ధ అధ్యాపకులొకరు మా పాఠ్యప్రణాళికలను దిద్దునప్పుడు తక్కిన పుటలు త్రిప్పకమునుపే 'ఉద్దేశము' అను శీర్షిక క్రింద చూచెడివారు. అందు నాలుగైదు సంగతులు కనబడినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, "నాయనా, నలుబదియైదు నిమిషములకు ఒక్క ఉద్దేశము చాలును. అయిదు చెప్పబూనినవాడు ఒకటియు చెప్పలేడు" అనెడివారు. పాఠముల విషయమున ఆ మాట మాకు త్వరలోనే నాటుకొనెను. జీవితము విషయమున నాటుకొనుటకు మాత్రము చాల కాలము పట్టెను.

2017వ సంవత్సరమున మేము గుంటూరు చేరువనున్న వేరొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. తొమ్మిదవ తరగతికి మేమే తరగతి ఉపాధ్యాయులము. అందు నలుబది ముగ్గురు విద్యార్థులుండిరి. బడి విడిచిన తరువాత మా కాలమంతయు సంఘమునకే చెందెను. సంఘ కార్యదర్శిత్వము మాది. చందాల లెక్కలు మావి. ఆదివారపు బడి, గాయక బృందము, యౌవనస్థుల కూటము, కొత్త గుడి గోడకు ఇటుకల బేరము, ఇవియన్నియు మా చేతిమీదుగనే జరుగుచుండెను. ఎవరైన ఒక పని తెచ్చి "ఇది దేవుని పని" యన్నచో మేము కాదనియెఱుగము. దినమునకు ఇరువది నాలుగు గంటలు చాలుట లేదని నలుగురిలో చెప్పుకొనుచుంటిమి. అందు విసుగుకంటె గర్వమే ఎక్కువగ నుండెనని ఇప్పుడు తెలియుచున్నది.

మా భార్య ఒకనాటి రాత్రి అన్నము వడ్డించుచు, "దేవుని పని యని మీరన్నప్పుడు నాకు నోరు పెగలదు. కాని పెద్దవాని నోటుపుస్తకము మీరు చూచి ఎన్ని దినములైనదో జ్ఞాపకమున్నదా?" యని యడిగెను. మేము కొంచెము కోపముతోనే, "మన పిల్లలను దేవుడు చూచుకొనును" అంటిమి. ఆమె మరి మాటాడలేదు. ఆ మాట భక్తివలె వినబడునేగాని, దేవుడు తండ్రుల నిచ్చినది ఎందులకో దానిలో లెక్క లేదు.

ఆ సంవత్సరము డిసెంబరు మాసమున, మా తరగతిలో కిటికీ ప్రక్క రెండవ బెంచిలో కూర్చుండు బాలుడొకడు మా యింటికి వచ్చెను. అతని పేరిచ్చట చెప్పుట ఉచితము కాదు. నెమ్మదిగలవాడు, తెలుగు పద్యము ఒకసారి వినినచో అప్పగింపగలవాడు, లెక్కలలో మాత్రము వెనుకబడినవాడు. అతని తండ్రి మిరపకాయల యార్డులో బస్తాలు మోయు ముఠాకూలి. నవంబరు నెలలో బస్తాల దొంతరమీదనుండి పడి తుంటియెముక విరిగి మంచము పట్టెనని తరగతిలో అనుకొనుచుండగా మేము వినియుంటిమి. విని, ప్రార్థనలో జ్ఞాపకము చేసికొంటిమి. అంతకుమించి ఏమియు చేయలేదు.

మొదటిసారి అతడు వచ్చినప్పుడు మేము క్రిస్మసు చందాల పద్దులు వ్రాయుచుంటిమి. "మాష్టారూ, ఒక మాట చెప్పుకొనవలెను" అనెను. "లెక్క తప్పిపోవును, రేపు రమ్ము" అంటిమి. రెండవసారి వచ్చినప్పుడు గాయక బృందమువారు వరండా నిండ కూర్చుండి పాటలు అభ్యాసము చేయుచుండిరి. అతడు మెట్టుమీద నిలిచి చూచెను. మేము చేయి యెత్తి తరువాత రమ్మని సైగ చేసితిమి. మూడవసారి శనివారము సాయంకాలము వచ్చెను. ఆనాడు మేము మరుసటిదినపు యౌవనస్థుల కూటమునకు ప్రసంగము వ్రాసికొనుచుంటిమి. ఆ ప్రసంగ విషయమేమో చెప్పుటకు నేటికిని సిగ్గుగ నున్నది. అది "దేవుని చిత్తమును తెలిసికొనుట యెట్లు" అనునది. తలుపు కొంచెము తెరచుకొనగా, తలయెత్తకయే, "సోమవారము బడిలో చెప్పుము" అంటిమి. అతడు వాకిటి వేపచెట్టు క్రింద చాలసేపు నిలుచుండి వెడలిపోయెనని మా చిన్న కుమార్తె తరువాత చెప్పెను.

సోమవారము అతడు ఏమియు చెప్పలేదు. మేమును అడుగలేదు. క్రిస్మసు సెలవులు వచ్చినవి. ఉత్సవము దివ్యముగ జరిగెనని అందరు మెచ్చుకొనిరి. సంక్రాంతి సెలవుల తరువాత పాఠశాల తెరచినప్పుడు కిటికీ ప్రక్క స్థలము ఖాళీగ నుండెను. హాజరుపట్టీలో అతని పేరున కెదురుగ గైరుహాజరు గుర్తులు వరుసగ పెరుగుచుండెను. వానిని మేమే మా చేతితో ప్రతి ఉదయమును వేయుచుంటిమి. ఫిబ్రవరి మాసమున హెడ్మాస్టరుగారు ఆ పట్టీని చూచి, "ఈ పిల్లవాడేమాయెను?" అని యడిగిరి. మాకు జవాబు లేకపోయెను. ఆ సాయంకాలము సంఘ కమిటీ కూడవలసియుండెను. దానికి పోక, వాని యిల్లు వెదకుకొనుచు పోతిమి.

ఇంటిలో తండ్రి యొక్కడే మంచముమీద నుండెను. ఆయన చెప్పిన గుర్తులు పట్టుకొని, ఊరి వెలుపలనున్న ఒక రేకుల షెడ్డునకు చేరితిమి. మిరపకాయల కాలము దెలిసినవారికి ఆ ఘాటు చెప్ప నక్కరలేదు. గుమ్మమునందే తుమ్ములును దగ్గును మమ్మును పట్టుకొనెను. లోపల ఎఱ్ఱని రాశుల నడుమ స్త్రీలు వరుసలుగ కూర్చుండి తొడిమలు తీయుచుండిరి. వారి నడుమ, ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొని మా విద్యార్థి కూర్చుండియుండెను. మమ్మును చూడగానే లేచి నిలుచుండెను. తరగతిలోనికి ఉపాధ్యాయుడు వచ్చినప్పుడు లేచినట్లే లేచెను. అది చూచి మా కండ్లలో నీరు తిరిగెను. మిరపఘాటు మా మర్యాద కాపాడెను.

"అప్పుడేమి చెప్పవచ్చితివి, నాయనా?" యని యడిగితిమి.

"అమ్మ నన్ను బడి మానిపించవలెనని యనుకొనుచుండెను, మాష్టారూ. మీరు ఒక్కసారి వచ్చి ఆమెతో ఒక మాట చెప్పుదురేమోనని వచ్చితిని" అనెను. అతని స్వరమున నిష్ఠూరము లేదు. ఉండినచో మాకు కొంత తేలికగ నుండెడిది.

తల్లి ప్రక్కనే యుండెను. ఆమె కొంగుతో చేతులు తుడిచికొనుచు, "అప్పుడు మీరు వచ్చి ఒక మాట చెప్పియున్నచో ఏదో విధముగ నెట్టుకొనివచ్చెడిదానను, అయ్యా. పంతులుగారు స్వయముగ వచ్చి చెప్పినప్పుడు కాదందునా? ఇప్పుడు మేస్త్రి దగ్గర ఇద్దరి పేరను సొమ్ము తీసికొంటిమి. ఆయన మందులకే అయిపోయినది. అది తీరువరకు వీడు కదలుటకు వీలులేదు" అనెను.

అడిగినది డబ్బు కాదు, సిఫారసు కాదు; ఒక్క మాట, అరగంట కాలము. మేము చందాల పద్దులో అణాపైసలతో సహా లెక్క సరిచూచితిమి. గాయకుల స్వరములు సరిచేసితిమి. దైవచిత్తమును గూర్చి ఎనిమిది పుటలు వ్రాసితిమి. ఆ యొక్క మాట మాత్రము చెప్పలేదు.

ఆ రాత్రి మా బల్ల సొరుగులోని ప్రసంగపు కాగితములు తీసి చదివితిమి. అందు తప్పు మాట ఒక్కటియు లేదు. అదియే మమ్మును మిక్కిలి భయపెట్టెను. మోకరించి "ప్రభువా, నీ చిత్తమును తెలుపుము" అనుటకు నోరు రాలేదు. ఏలయన ఆయన తెలుపకుండలేదు, ముమ్మారు మా గుమ్మమునకే పంపెను. బాలుడైన సమూయేలు ఎవరు పిలుచుచున్నారో యెఱుగకయే మూడుమార్లును లేచి ఏలీయొద్దకు పరుగెత్తెను. మేము పెద్దవారము, బోధకులము. మూడుమార్లును కూర్చున్న చోటనే కూర్చుంటిమి.

కొన్ని దినముల తరువాత, విశ్రాంత సంఘకాపరియైన మా పెదతండ్రిగారియొద్దకు పోయి సంగతియంతయు చెప్పుకొంటిమి. ఆయన ఓదార్చునని యనుకొంటిమి. ఓదార్చలేదు, మందలింపను లేదు. ఒక కాగితము మా చేతికిచ్చి, "నడుమ గీత గీయుము. నీవు మానినచో మరియొకరు చేయగల పనులు ఎడమ ప్రక్కను, నీవు మానినచో నీకు బదులు ఎవ్వరును చేయలేని పనులు కుడి ప్రక్కను వ్రాసికొని రేపు రమ్ము. వ్రాయకమునుపు ప్రార్థింపుము. వ్రాసిన తరువాత కాదు" అనెను.

ఆ రాత్రి వ్రాసితిమి. ఎడమ ప్రక్క నిండిపోయెను: కార్యదర్శిత్వము, లెక్కలు, గాయక బృందము, ఇటుకల బేరము, కూటముల ప్రసంగములు. కుడి ప్రక్క నాలుగే పంక్తులు: మా భార్యకు భర్తగ నుండుట, ఇద్దరు బిడ్డలకు తండ్రిగ నుండుట, వృద్ధురాలైన తల్లికి కుమారుడుగ నుండుట, జీతము పుచ్చుకొని మాకప్పగింపబడిన ఆ నలుబది ముగ్గురికి ఉపాధ్యాయుడుగ నుండుట. మా దినములోని గంటలన్నియు ఎడమ ప్రక్కకే పోవుచుండెను. కుడి ప్రక్కకు మిగిలినది నిద్రమత్తు గంట.

మరుసటి నెలలో కార్యదర్శిత్వము విడిచితిమి. అది సులభముగ జరుగలేదు. ఒక పెద్ద "దేవుని పని విడిచి ఇంటిపని చూచుకొనుచున్నాడు" అనెను. ఆ మాట చాల దినములు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మా స్థానమున బ్యాంకులో పనిచేయు ఒక యువకుడు నియమింపబడెను. మేము లేనిదే సంఘము నడువదని లోలోపల అనుకొనియుంటిమి. ఆయన లెక్కలు మా లెక్కలకంటె చక్కగ నుండెను. ఆ సంవత్సరపు క్రిస్మసు మునుపటికంటె బాగుగ జరిగెను. దేవుడు మమ్మును శిక్షించెనో పరిహసించెనో తెలియలేదు గాని, రెండును మాకు మేలే చేసెను. ఆదివారపు బడి మాత్రము మానలేదు. వారమున కొక గంట దానికి చాలును.

ఇంతటితో పరీక్ష ముగియలేదు. సాయంకాలములు ఖాళీయైన సంగతి తెలిసి, పట్టణములోని ఒక ట్యూషను నిర్వాహకులు మమ్మును పిలిచి, దినమునకు రెండు గంటలు బోధించినచో మా జీతములో సగమునకు తక్కువ గాకుండ ఇచ్చెదమనిరి. మా యింటి కప్పు వానకు కారుచుండెను. పెద్దవాని కళాశాల ఫీజు దగ్గరపడుచుండెను. "దేవుడే ద్వారము తెరచెను" అను మాట మా నాలుకమీదికి వచ్చెను. అంతలో యోనా జ్ఞాపకమునకు వచ్చెను. దేవుడు పొమ్మన్న దిక్కు విడిచి యోనా పారిపోదలచినప్పుడు, యొప్పేలో అతనికి కావలసిన దిక్కునకే ఓడ సిద్ధముగ నుండెను. చేతిలో కేవు ఇచ్చుటకు డబ్బును ఉండెను. తెరచియున్న తలుపులన్నియు దేవుడు తెరచినవి కావు. ఆ రెండు గంటలు ఎవరివని మమ్మును మేము ప్రశ్నించుకొంటిమి. వానిని కుడి ప్రక్కవారికి ఇచ్చెదమని అప్పటికే మాట యిచ్చియుంటిమి. వలదని చెప్పి వచ్చితిమి. కప్పు ఇంకొక రెండు వానకాలములు కారెను. ఫీజునకు మా భార్య గాజులు కుదువ పెట్టవలసి వచ్చెను. దైవచిత్తము చేసినవారికి కప్పు కారదని చెప్పువారి మాట మేము నమ్మము.

అట్లని సంఘసేవ తక్కువది, కుటుంబ సేవ ఎక్కువది యని మా భావము కాదు. ఒకరికి మొదటిది మరియొకరికి మొదటిది కాకపోవచ్చును. మన తెలుగుదేశపు మిషను చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు మిత్రులు కలిసి మచిలీపట్టణమునకు వచ్చిరి. వచ్చినది ఒక్క పనికే. అయినను ఫాక్సు గ్రామములవెంట తిరుగుచు ప్రకటించెను. నోబుల్ 1843లో ఒక పాఠశాల తెరచి ఆ గదులలోనే తన జీవితమును గడపెను. ఫాక్సు అనారోగ్యముచే స్వదేశమునకు పోయి 1848లో చనిపోయెను. నోబుల్ మరల స్వదేశము చూడకయే 1865లో బందరులోనే కన్నుమూసెను. ఇద్దరు విద్యార్థులు 1852లో బాప్తిస్మము పొందినప్పుడు తక్కినవారు బడి విడిచిపోగా, ఆయన ఖాళీ బెంచీల నడుమ మరల మొదటినుండి ప్రారంభించెను. రోడ్డుమీద నున్నవాడు బడిలో నున్నవానిని, బడిలో నున్నవాడు రోడ్డుమీద నున్నవానిని తప్పుపట్టలేదు.

ఒక్క మనుష్యునికే ఒక కాలమున మొదటిది మరియొక కాలమున వెనుకకు పోవచ్చును. ఒంగోలునకు 1866లో వచ్చిన జాన్ క్లౌ దొరగారు సువార్త ప్రకటించుటకును బాప్తిస్మములిచ్చుటకును వచ్చినవారు. 1876 మొదలు 1878 వరకు గొప్ప కఱవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. యౌవనమున నేర్చిన సర్వే విద్య అచ్చట అక్కరకు వచ్చెను. అన్నమునకై మతములో చేరుదురేమోయని, కఱవు సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. మిషనరీ బాప్తిస్మము నిలిపి కాలువ త్రవ్వించుట చూచినవారికి తలక్రిందుల పనిగ తోచియుండును. కాని ఆకలిగొన్నవానికి మొదట కావలసినది కూలియు కూడును. సహాయపు పని ముగిసిన తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మన విద్యార్థినులు డాక్టరు అన్నా కుగ్లరమ్మగారి సంగతి తెలిసికొనవలెను. వైద్యవిద్య నేర్చి ఆమె 1883లో గుంటూరునకు వచ్చెను. కాని మిషనువారు వైద్యమునకు అప్పటికి సిద్ధముగ లేక ఆమెకు బోధన పని అప్పగించిరి. ఆమె అలిగి తిరిగిపోలేదు. అప్పగించిన పని చేయుచునే, తనవద్దకు వచ్చిన రోగులకు మందులిచ్చుచుండెను. ఆసుపత్రి 1898లో తెరువబడెను. నడుమ పదునైదు సంవత్సరములు. పదవ తరగతి పరీక్ష ఒకసారి తప్పినంతనే దేవుడు మరచిపోయెనని యేడ్చు పిల్లలు ఈ పదునైదు సంవత్సరములను లెక్కించి చూడవలెను.

ఇక సువార్తలలో మన ప్రభువు దినచర్యను చూడుడు. కపెర్నహూములో ఒక సాయంకాలము రోగులనేకులు బాగుపడిరి. మరునాడు ఇంకను చీకటి యుండగానే ఆయన లేచి ఏకాంతముగ ప్రార్థించెను. అందరును వెదకుచున్నారని శిష్యులు వచ్చి పిలువగా, ఆయన ఆ ఊరికి తిరిగి పోక ఇతర గ్రామములకు పయనమాయెను. వెదకిన వారి యవసరము అబద్ధము కాదు. అయినను ఆయన దానిని విడిచెను. మరియొకనాడు యాయీరు కుమార్తె మరణావస్థలో నుండగా త్వరపడి పోవుచు, జనసమూహమున వస్త్రపు చెంగు ముట్టిన ఒక స్త్రీకొరకు నిలిచెను. ఒకచోట గుంపును విడిచెను. ఒకచోట ఒక్కరికై ఆగెను. ఇందు సూత్రము వెదకువారికి ఏమియు దొరకదు. దొరకునది చీకటితో లేచిన ఆ ప్రార్థన. దినము గుంపు చేతిలో పడకమునుపే ఆయన దానిని తండ్రి చేతిలో పెట్టెను.

ప్రియ విద్యార్థులారా, మీకు చెప్పదగినది కొంచెమే. దేవుని చిత్తము ఎక్కడనో దూరమున, ఇరువదియైదవ యేట మొదలగునని యనుకొనకుడు. ఇప్పుడు మీ చేతిలోనున్న పుస్తకము, మీ యింటిలో నీళ్లు మోయుచున్న తల్లి, మీ ప్రక్క బెంచిలో లెక్క తెలియక బిక్కమొగము వేసిన స్నేహితుడు, ఇవియే నేటి పాఠము. నేటిది చదువనివానికి రేపటి పాఠము తెలియదు. ఉదయమున సెల్ ఫోను చేతికి తీసికొనకమునుపు అయిదు నిమిషములు నిశ్శబ్దముగ కూర్చుండి, ఈ దినమున నేనే చేయవలసినది ఏది యని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు తరచుగ ఒక మనుష్యుని ముఖముగ కనబడును.

తల్లిదండ్రులకును ఒక మనవి. పదవ తరగతి ముగియగానే పిల్లలను ఏ కోర్సులో చేర్పవలెనని మీలో అనేకులు ప్రార్థన చేయింతురు. కాని కళాశాలకు అప్పటికే డబ్బు కట్టియుందురు. నిర్ణయమంతయు మనమే వ్రాసి, అడుగున సంతకము మాత్రము దేవుని చేయుమనుట ప్రార్థన కాదు. అడిగినచో, కాదను జవాబు వినుటకును సిద్ధపడి యడుగుడు. మీ మాటవలన ఏ లాభమును లేని ఒక పెద్దను సలహా యడుగుడు. ఒక రాత్రి ఆగుడు. ఆ పిల్లవానినిగూడ ఒకసారి అడుగుడు. దేవుడు అతనితోను మాటలాడగలడు.

ఒక హెచ్చరికయు కలదు. కుడి ప్రక్క పనులను మిషగ చేసికొని, సంఘములో వేలు కదపక ఇంటిలో చాపమీద పరుండువాడు ఈ వ్యాసమును తనకు సాక్ష్యముగ తెచ్చుకొనరాదు. ఎడమ ప్రక్క పనులును ఎవరో ఒకరు చేయవలసినవే. మేము చెప్పునది పని మానుమని కాదు. ఏది మొదటిదో అడిగి చేయుమని.

ఆ బాలుని సంగతి మీరు అడుగుదురు. మేస్త్రికీయవలసిన సొమ్ము తీరువరకు అతడు షెడ్డులోనే పనిచేసెను. మేము వారమునకు మూడు సాయంకాలములు వారింటికి పోయి, తండ్రి మంచము ప్రక్క కూర్చుండి చదువు చెప్పితిమి. 2019లో ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాసెను. లెక్కలలో తప్పెను. అదే సంవత్సరము మరల వ్రాసి నెగ్గెను. ఇప్పుడు ఇండ్లకు విద్యుత్తు తీగెలు అమర్చు పని చేయుచు తల్లిదండ్రులను పోషించుచున్నాడు. మమ్మును చూచినచో నేటికిని నమస్కరించును. అందరు ఇది మంచి ముగింపు అందురు. కాని తన యీడు పిల్లలతో మైదానమున ఆడుకొనవలసిన సాయంకాలములు, కిటికీ ప్రక్క బెంచిలో పద్యములు అప్పగింపవలసిన ఉదయములు అతనికి మరల రాలేదు. దేవుడు మమ్మును క్షమించెనని నమ్ముచున్నాము. పోయిన కాలమును మేము అతనికి తిరిగి ఈయలేము.

అప్పటినుండి మా యింటి తలుపు వద్ద విద్యార్థి యడుగుల చప్పుడు వినబడినచో కలము క్రింద పెట్టుచున్నాము. ఈ వ్యాసము వ్రాయుచుండగా రెండుసార్లు పెట్టితిమి. అందువలననే ఇది సంపాదకవర్గమువారు కోరిన తేదీకి నాలుగు దినములు ఆలస్యముగ వారికి చేరినది. వారు మన్నింతురు గాక. మనలో ప్రతివానికిని తన గుమ్మమువద్ద నిలిచినవారిని గుర్తించు కన్నులను, లేచి పోవు కాళ్లను సర్వకృపానిధియగు దేవుడు దయచేయును గాక.